జర్మన్‌లో మన ‘కి’ ఎన్ని ముక్కలవుతుంది?

జర్మనీ వచ్చిన మొదటి చలికాలం. మా పై ఫ్లాట్‌లో ఉండే నెల్లూరు అమ్మాయికి పాప పుట్టింది. సాయంత్రం చారన్నం పట్టుకెళ్దామని ఆఫీసులో నాలుగింటికే సిస్టమ్ ఆపేసి లేచాను. పక్క సీటావిడతో ‘ఇష్ ముస్ ఇన్స్ క్రాంకెన్‌హౌస్’ అన్నాను. ఆసుపత్రికి వెళ్ళాలి అని నా లెక్క. ఆవిడ మొహం పాలిపోయింది. ఎన్నాళ్ళు ఉండాలన్నారు, ఆపరేషనా, ఇంట్లో తోడు ఎవరున్నారు అని వరసపెట్టి అడిగేసింది. క్యారియర్ చూపించి, ఫ్రెండ్, పాప, భోజనం అని ముక్కలు ముక్కలుగా చెప్పుకుంటే గానీ సంగతి తేలలేదు.

నా వాక్యంలో వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. ‘ఇన్స్’ అంటే లోపలికి. ఇంకేమీ చెప్పకుండా ‘ఆసుపత్రి లోపలికి వెళ్ళాల్సి ఉంది’ అంటే అక్కడివాళ్ళకి వినపడేది ‘ఆసుపత్రిలో చేరాలి’ అనే. ‘ట్సుమ్ క్రాంకెన్‌హౌస్’ (ఆసుపత్రి దాకా) అని, ఎవర్ని చూడ్డానికో ఒక మాట కలిపుంటే సరిపోయేది. మన భాషలో రోగి వెళ్ళినా, క్యారియర్ వెళ్ళినా ఆసుపత్రికే.

ఎమ్మెస్‌కనో, నర్సింగ్ ఉద్యోగానికనో జర్మన్ మొదలుపెట్టి, మొదటి మెట్టు ఏ1 గట్టెక్కి, రెండో మెట్టు ఏ2లో ప్రిపోజిషన్ల (మన ‘కి’, ‘లో’, ‘నుంచి’ల పని చేసే చిన్న మాటల) దగ్గర చతికిలబడ్డవాళ్ళ కోసం రాస్తున్నాను. మొత్తం జాబితా ఇవ్వను, అది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఒకే తెలుగు మాటకి రెండు మూడు జర్మన్ మాటలు పోటీపడినప్పుడు ఏది తీసుకోవాలో, నాకు దెబ్బలు తగిలి తెలిసినంత వరకు చెప్తాను.

ఇంగ్లీషు మీదుగానా, తెలుగు మీదుగానా

మనవాళ్ళలో చాలామంది జర్మన్‌ని ఇంగ్లీషు పక్కన పెట్టుకుని నేర్చుకుంటారు. రెండూ చుట్టాలే కదా, మాటలు ఒకేలా ఉంటాయి కదా అని. ప్రిపోజిషన్ల దగ్గర ఈ చుట్టరికమే ముంచుతుంది. జర్మన్ ‘అన్’ చూడ్డానికి ఇంగ్లీషు ‘ఆన్’లా ఉంటుంది, కానీ బల్ల మీద పుస్తకానికి పనికిరాదు, దానికి ‘ఔఫ్’ కావాలి. జర్మన్ ‘బై’ ఇంగ్లీషు ‘బై’ కాదు. బస్సులో వచ్చానని చెప్పడానికి ‘బై’ వాడితే ఎవరికీ అర్థం కాదు, ‘మిట్ డేమ్ బుస్’ అనాలి.

ఈ ఒక్క విషయంలో తెలుగే దగ్గర దారి. ఎందుకంటే జర్మన్ ప్రతిసారీ అడిగే ప్రశ్న మనం పుట్టినప్పట్నుంచీ అడుగుతున్నదే: ఎక్కడ, ఎక్కడికి, ఎక్కడి నుంచి. జర్మన్‌లో ‘వో’, ‘వోహిన్’, ‘వోహేర్’. ఇంగ్లీషువాళ్ళు మొదటి రెండిటికీ ‘వేర్’ ఒక్కటే పెట్టుకుని కాలం గడుపుతున్నారు. మనం ‘ఎక్కడ వెళ్తున్నావ్’ అన్నవాణ్ణి వింతగా చూస్తాం.

జర్మన్‌లో తొమ్మిది ప్రిపోజిషన్లు రెండు వైపులా తిరుగుతాయి: అన్, ఔఫ్, హింటర్, ఇన్, నేబెన్, యూబర్, ఉంటర్, ఫోర్, ట్స్విషెన్. ‘ఎక్కడ’కి జవాబైతే వాటి తర్వాత డేటివ్, ‘ఎక్కడికి’ జవాబైతే అక్యూజటివ్. ఇవి మన విభక్తుల్లాంటివే, తేడా పేరు ముందుండే ఆర్టికల్‌లో కనపడుతుంది: డేటివ్‌కి డేమ్, డేర్; అక్యూజటివ్‌కి డేన్, డీ, డస్. ప్రిపోజిషన్, ఆర్టికల్ చాలాసార్లు అతుక్కుపోతాయి కూడా: ఇన్, డేమ్ కలిస్తే ఇమ్; అన్, డేమ్ కలిస్తే అమ్; ట్సూ, డేమ్ కలిస్తే ట్సుమ్; ఇన్, డస్ కలిస్తే ఇన్స్. క్లాసులో దీన్ని ‘కదలిక ఉంటే అక్యూజటివ్’ అని చెప్తారు. ఆ సూత్రం సగమే నిజం. పార్కులో పరిగెత్తేవాడు కదులుతూనే ఉంటాడు, అయినా ‘ఇమ్ పార్క్’ అని డేటివే వస్తుంది. తెలుగులో అనుకోండి: పార్కులో పరిగెత్తాడు, పార్కులోకి పరిగెత్తాడు. మొదటిది డేటివ్, రెండోది అక్యూజటివ్. పిల్లి మంచం కింద ఉంది, ‘ఉంటర్ డేమ్ బెట్’. పిల్లి మంచం కిందికి దూరింది, ‘ఉంటర్ డస్ బెట్’. లో–లోకి, మీద–మీదికి, కింద–కిందికి, వెనక–వెనక్కి. ఇంత తేలిగ్గా దొరికిన సూత్రాన్ని వదిలేసి మనం ఇంగ్లీషు చార్టులు బట్టీపడుతుంటాం.

అయితే తెలుగు మోసం చేసే చోట్లు రెండున్నాయి. ఒకటి ‘పెట్టు’. పుస్తకం బల్ల మీద ఉంది, పుస్తకం బల్ల మీద పెట్టాను. రెండిట్లోనూ మనం ‘మీద’ అనే అంటాం, ‘మీదికి పెట్టాను’ అనం. జర్మన్ మాత్రం మొదటిదానికి ‘ఔఫ్ డేమ్ టిష్’, రెండోదానికి ‘ఔఫ్ డేన్ టిష్’ అంటుంది. పెట్టు, వెయ్యి, కూర్చోబెట్టు లాంటి పనులు వస్తే, తెలుగులో ‘కి’ కనపడకపోయినా ఉన్నట్టే లెక్కేసుకోండి. రెండోది గోడ. ‘గోడకి ఫోటో ఉంది’ అంటాం. ఇక్కడ ‘కి’ ఉంది, కానీ ఫోటో ఎక్కడికీ పోవట్లేదు, వేలాడుతోంది. అందుకని ‘అన్ డేర్ వాంట్’, డేటివ్. మేకు కొట్టి తగిలించేటప్పుడే ‘అన్ డీ వాంట్’.

‘కి’ చీలే చోటు

బళ్ళో విభక్తులు వల్లె వేసినప్పుడు ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి’ అని ‘కి’నీ, ‘లో’నీ ఒకే వరసలో కూర్చోబెట్టారు. జర్మన్‌లో ఆ వరస చెల్లాచెదురవుతుంది. అందులో ‘కి’ గతే ఎక్కువ చెడింది.

ఊరికో, దేశానికో వెళ్తుంటే ‘నాఖ్’. నాఖ్ వరంగల్, నాఖ్ ఇండియెన్, నాఖ్ బెర్లీన్. ఇందులో మెలిక ఒక్కటే. కొన్ని దేశాల పేర్ల ముందు ఆర్టికల్ ఉంటుంది. స్విట్జర్లాండ్, టర్కీ, నెదర్లాండ్స్ అలాంటివి. వాటికి నాఖ్ పనికిరాదు, ‘ఇన్’ కావాలి: ఇన్ డీ ష్వైట్స్, ఇన్ డీ ట్యుర్కై. మనవాళ్ళకి ఎక్కువగా అక్కరకొచ్చే ఉదాహరణ అమెరికా. ‘నాఖ్ అమేరికా’ సరైనదే, ‘ఇన్ డీ ఊ ఎస్ ఆ’ కూడా సరైనదే. అన్నయ్య ఎక్కేది అదే విమానం, దిగేది అదే డాలస్. ప్రిపోజిషన్ ఊరిని బట్టి రాదు, ఊరి పేరుని బట్టి వస్తుందని నాకు ఇక్కడే బుర్రకెక్కింది.

మనిషి దగ్గరికైతే ‘ట్సూ’. ఎప్పుడూ ట్సూయే. ట్సుమ్ ఆర్ట్స్ట్ అంటే డాక్టర్ దగ్గరికి, ట్సూ మైనర్ ష్వెస్టర్ అంటే మా అక్క దగ్గరికి. దీని జంట ‘బై’: డాక్టర్ దగ్గర ఉన్నాను, ‘బైమ్ ఆర్ట్స్ట్’. దగ్గరికి అంటే ట్సూ, దగ్గర అంటే బై. ఈ జంట తెలుగుకి అచ్చంగా సరిపోతుంది. తెలుగులో ‘దగ్గర’ వచ్చి, అవతల ఉన్నది మనిషైతే ఇంక ఆలోచించొద్దు. (‘నా దగ్గర పెన్నుంది’ మాత్రం వేరు, దానికి ‘ఇష్ హాబె’ అని క్రియతోనే చెప్తారు.)

భవనాల దగ్గర పోటీ ట్సూకీ, ఇన్‌కీ మధ్య. ‘ఇన్స్ కీనో’ అంటే సినిమాకి. టికెట్ కొని లోపల కూర్చుంటాం. ‘ట్సుమ్ కీనో’ అంటే థియేటర్ దాకా. అక్కడ ఎవర్నో కలుస్తాం, లేదా ఆ పక్కనే బస్సెక్కుతాం. మీరు లోపలికెళ్ళి ఆ చోటు దేనికుందో ఆ పని చేయించుకుంటున్నారా అన్నది చూసుకోండి. అవునంటే ఇన్, గమ్యం చెప్తే చాలనుకుంటే ట్సూ. నా క్రాంకెన్‌హౌస్ కథ ఇదే. తేల్చుకోలేకపోతే నా సలహా ట్సూ వైపే. ట్సుమ్ బాన్‌హోఫ్ (స్టేషన్‌కి), ట్సూర్ పోస్ట్, ట్సుమ్ సూపర్‌మార్క్ట్, ట్సూర్ ఊనీ, అన్నీ చెల్లుతాయి. పెద్దగా నష్టం చెయ్యని తప్పు అదొక్కటే. ఊళ్ళకీ దేశాలకీ మాత్రం వాడకండి.

నీళ్ళ ఒడ్డుకైతే ‘అన్’. సముద్రానికి వెళ్దాం అంటే ‘అన్స్ మేర్’. ‘ఇన్స్ మేర్’ అంటే నీళ్ళలోకి దిగుతున్నట్టు. ఇక్కడ పాఠం నేర్పేది మనం దిగే విమానాశ్రయమే. ఆ ఊరి పూర్తి పేరు ఫ్రాంక్‌ఫుర్ట్ అమ్ మైన్. మైన్ అనేది నది, దాని ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫుర్ట్. పోలండ్ సరిహద్దులో ఇంకో ఫ్రాంక్‌ఫుర్ట్ ఉంది, అది ఓడర్ నది ఒడ్డున, అన్ డేర్ ఓడర్. ‘అన్’ అంటే అంచుకి ఆనుకుని ఉండటం. ఒడ్డున, అంచున అనేటప్పుడు మనం పలికే ‘న’కి దగ్గర. ఈ బొమ్మ మనసులో ఉంటే ‘అన్’ ఇంగ్లీషు ‘ఆన్’ కాదని మళ్ళీ మర్చిపోరు.

పైకప్పు లేని చోట్లకీ, జనం పోగయ్యే సందర్భాలకీ ‘ఔఫ్’. సంతకి ఔఫ్ డేన్ మార్క్ట్, పార్టీకి ఔఫ్ డీ పార్టీ, పల్లెటూరికి ఔఫ్స్ లాంట్. పెళ్ళికి ఔఫ్ చెల్లుతుంది, ట్సూ కూడా చెల్లుతుంది. టాయిలెట్‌కి కూడా ఔఫే, ఎందుకని నన్నడక్కండి.

ఇక ఇల్లు. ఇంటికి అంటే ‘నాఖ్ హౌజె’, ఇంట్లో అంటే ‘ట్సూ హౌజె’. ఇప్పటిదాకా ట్సూ అంటే ‘దగ్గరికి’ అని చెప్పి ఇప్పుడు ‘ఇంట్లో’ అంటే మీకు కోపం రావడం న్యాయమే. దీనికి సూత్రం వెతక్కుండా రెండు ముక్కలూ కలిపి బట్టీపట్టడం మేలు. నేను సూత్రం వెతుకుతూ ఆర్నెల్లు తప్పు మాట్లాడాను.

‘లో’ అనగానే ‘ఇన్’ అనేయకండి

గదిలో, ఊళ్ళో, బ్యాగులో, వానలో, పేపర్లో, ఇంటర్నెట్లో, వీటన్నిటికీ ‘ఇన్’ చెల్లుతుంది. దాంతో ధైర్యం వచ్చి అన్నిటికీ అదే పెట్టేస్తాం. ఫోటోలో ఉన్నది మా నాన్న అనాలంటే ‘ఔఫ్ డేమ్ ఫోటో’. కాగితం లోపల నాన్న ఉండడు, కాగితం మీద ఉంటాడు అని వాళ్ళ లెక్క. వీధిలో పిల్లలాడుతున్నారు, ‘ఔఫ్ డేర్ ష్ట్రాసె’. తెలుగులో దీన్ని ఏమంటారు అని అడిగితే ‘ఔఫ్ తెలుగు’. భాష పేరొస్తే ఔఫ్ అని గుర్తుపెట్టుకోండి, క్లాసులో మొదటి రోజు నుంచీ కావాల్సిందే.

ఫోన్లో మాట్లాడుతున్నాడు, ‘అమ్ టెలెఫోన్’. ఆకాశంలో చందమామ, ‘అమ్ హిమెల్’. యూనివర్సిటీలో చదువుతున్నాను, ‘అన్ డేర్ ఊనీ’. కుర్చీలో కూర్చున్నాను అన్నప్పుడు మామూలు చెక్క కుర్చీ అయితే ‘ఔఫ్ డేమ్ ష్టూల్’, మెత్తగా లోపలికి దిగబడే సోఫా కుర్చీ అయితే ‘ఇమ్ జెస్సెల్’. ఇదొక్కటి నాకు భలే నచ్చింది, కూర్చున్నప్పుడు ఒళ్ళు ఎంత మునుగుతుందో ప్రిపోజిషన్ చెప్పేస్తుంది.

ఉద్యోగం ఇంటర్వ్యూలో ముఖ్యమైనది ఇంకోటుంది. ఫలానా కంపెనీలో పనిచేస్తున్నాను అనాలంటే ‘ఇన్’ కాదు, ‘బై’. ‘ఇష్ అర్బైటె బై సీమెన్స్’. మన పాతతరం ‘షావుకారు దగ్గర పనిచేస్తున్నా’ అన్నట్టే, కంపెనీని కూడా మనిషిలా చూడండి. ‘లో’ మర్చిపోయి ‘దగ్గర’ అనుకుంటే సరిగ్గా వస్తుంది.

‘నుంచి’లో మూడు కాలాలు

చోటు విషయంలో ‘నుంచి’ రెండుగా చీలుతుంది. ఏ చోటి లోపల ఉన్నామో అక్కణ్ణుంచి బయటికొస్తే ‘ఔస్’, దగ్గర నుంచో, మీద నుంచో వస్తే ‘ఫొన్’. మీది ఏ ఊరు అంటే ‘ఔస్ గుంటూర్’, ‘ఔస్ ఇండియెన్’. డాక్టర్ దగ్గర్నుంచి వస్తున్నాను, ‘ఫొమ్ ఆర్ట్స్ట్’. గబగబా తేల్చుకోవడానికి ఒక కిటుకు: వెళ్ళేటప్పుడు ‘ఇన్’ పెట్టుంటే వచ్చేటప్పుడు ‘ఔస్’, ‘ట్సూ’ పెట్టుంటే ‘ఫొన్’. ఊళ్ళ పేర్లకి రెండూ ఉన్నాయి. సొంతూరు చెప్పేటప్పుడు ఔస్, ప్రయాణం చెప్పేటప్పుడు ‘ఫొన్ హైదరాబాద్ నాఖ్ ఫ్రాంక్‌ఫుర్ట్’.

కాలం విషయంలో అసలు చిక్కు. సోమవారం నుంచి జ్వరం, సోమవారం నుంచి సెలవు, సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లాసులు. తెలుగులో మూడూ ‘నుంచే’. జర్మన్‌లో జ్వరం ఇప్పటికే మొదలై ఇంకా ఉంది కాబట్టి ‘జైట్ మోన్‌టాగ్’. సెలవు ముందుంది కాబట్టి ‘అప్ మోన్‌టాగ్’. క్లాసులకి మొదలూ చివరా రెండూ చెప్తున్నాం కాబట్టి ‘ఫొన్ మోన్‌టాగ్ బిస్ ఫ్రైటాగ్’.

ఇది చిన్న తేడా అనుకునే రోజుల్లోనే నేను గది కోసం వెతుక్కున్నాను. ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో చలికాలం సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలవుతుంది. ఆగస్టులో కూర్చుని ఓ ఇరవై మంది ఇంటివాళ్ళకి ‘జైట్ ఒక్టోబర్’ గది కావాలని మెయిల్ పెట్టాను. అంటే పోయిన అక్టోబర్ నుంచీ కావాల్సొస్తోందని. ఒకాయన జాలిపడి, పది నెలల బట్టీ ఎక్కడుంటున్నావమ్మా అని తిరిగి రాశాడు. మిగతావాళ్ళు అదీ లేదు. ‘అప్ ఒక్టోబర్’ అని మార్చి మళ్ళీ పంపాను.

జైట్ తర్వాత క్రియ వర్తమానంలోనే ఉంటుంది: రెండేళ్ళ నుంచి జర్మన్ నేర్చుకుంటున్నాను, ‘ఇష్ లెర్నె జైట్ ట్స్వై యారెన్ డోయిచ్’. మన వాక్యం ఎలా ఉందో అదీ అలాగే. ఇంగ్లీషులో ‘హ్యావ్ బీన్’ అని తిప్పలు పడ్డవాళ్ళకి ఇది సెలవురోజు లాంటిది. ‘రెండేళ్ళ ముందు’ అన్నదానికి ‘ఫోర్ ట్స్వై యారెన్’. ఇంటి ముందు అన్నా ‘ఫోర్’, ఏళ్ళ ముందు అన్నా ‘ఫోర్’, తెలుగులోలాగే. కానీ ‘రెండు వారాల తర్వాత వస్తాను’ అన్నప్పుడు, నాఖ్‌కి ‘తర్వాత’ అనే అర్థం ఉంది కదా అని ‘నాఖ్’ పెట్టకండి. ఇప్పట్నుంచి లెక్కేస్తే ‘ఇన్ ట్స్వై వోఖెన్’.

గంటలకీ, రోజులకీ తర్జనభర్జన అక్కర్లేదు. గంటకి ఉమ్, రోజుకి అమ్, నెలకి ఇమ్. రాత్రికి మాత్రం ‘ఇన్ డేర్ నాఖ్ట్’. సంవత్సరానికి ఏమీ వద్దు, ఉత్త 2019 అని చెప్తే చాలు. తెలుగు అలవాటుతో ‘ఇన్ 2019’ అంటే టీచర్ ఎర్ర గీత పెడుతుంది.

‘తో’ సంగతి క్లుప్తంగా

అమ్మతో, కత్తితో, బస్సులో, మూడిటికీ ‘మిట్’. చెక్కతో చేసిన బల్ల అంటే మాత్రం ‘ఔస్ హోల్ట్స్’. చెక్కలోంచి బయటికొచ్చిన బల్ల అనుకుంటే గుర్తుంటుంది.

క్రియ పట్టుకొచ్చే ప్రిపోజిషన్లు

ఇక్కడ తెలుగునీ నమ్మొద్దు, ఇంగ్లీషునీ నమ్మొద్దు. క్రియతో పాటే నేర్చుకోవాలి, అంతే. అయినా మొదట్లో కొంత ఊరట ఉంది. ‘నాకు సాయం చెయ్యి’ అంటే ‘హిల్ఫ్ మియర్’, ప్రిపోజిషన్ లేకుండా డేటివ్. ‘నాకు నచ్చింది’, ‘నాకు చలేస్తోంది’ ఇవి కూడా అంతే, మన ‘నాకు’ని డేటివ్‌గా దించేస్తే చాలు. ‘అమ్మని అడిగాను’ అక్యూజటివ్, మన ‘ని’ లాగే. ‘నాకు ఆకలేస్తోంది’, ‘నాకు తెలుసు’ మాత్రం ఒప్పుకోవు, అక్కడ ‘నేను’తో మొదలుపెట్టాలి.

ఒకే క్రియ రెండిటితో వస్తే అర్థం మారుతుంది. సంతోషించడానికి ‘జిష్ ఫ్రోయెన్’ అంటారు. రాబోయే పండగ గురించైతే ‘ఔఫ్’, అందిన బహుమతి గురించైతే ‘యూబర్’. ఎవర్నైనా తల్చుకోవడం ‘డెంకెన్ అన్’, ఒక విషయం గురించి కూర్చుని ఆలోచించడం ‘నాఖ్‌డెంకెన్ యూబర్’. మనకీ తల్చుకోవడం వేరు, ఆలోచించడం వేరు కాబట్టి ఇది పట్టుబడుతుంది. ఉద్యోగానికి అప్లై చెయ్యడంలో ఉద్యోగానికి ‘ఉమ్’, కంపెనీకి ‘బై’.

అందరూ తప్పు చేసేది ఎదురుచూడ్డం దగ్గర. బస్సు కోసం ఎదురుచూస్తున్నాను అన్నప్పుడు ఆ ‘కోసం’ మనల్ని ‘ఫ్యూర్’ వైపు తోస్తుంది. కావాల్సింది ‘ఔఫ్’, దాని తర్వాత అక్యూజటివ్: ‘ఇష్ వార్టె ఔఫ్ డేన్ బుస్’. ఔఫ్ గుర్తుండి, ‘డేన్’ బదులు ‘డేమ్’ అనేస్తే బస్సు మీద ఎక్కి కూర్చుని ఎదురుచూస్తున్నానని అర్థం. మా క్లాసులో ఒకసారి నేనలా అంటే టీచర్ నవ్వాపుకోలేక, బస్సు మీద ఎవరు కూర్చుంటారు అంది. సంక్రాంతికి మా ఊరెళ్ళే బస్సు టాపు మీద మూటల మధ్య కూర్చుని, డ్రైవర్ టీ తాగొచ్చేదాకా ఎదురుచూసిన రోజులున్నాయని ఆవిడకి చెప్పడానికి అప్పటికి నాకు జర్మన్ చాల్లేదు.